యాభయ్యో తద్దినం

తొకునాగ వారి కొట్లో ఫోను ఎత్తే పని రోజీనాకి అప్పజెప్పిన పొద్దున మైనా పదకొండు గుడ్లు ఎక్కువ పగలగొట్టింది. నలభై చాలని గోడ మీద చీటీ అంటించే ఉంది. తొకునాగ ముసలాయన గిన్నెలోకి తొంగి చూసి, ఏమీ అనకుండా ఎక్కువైంది వేరే గిన్నెలోకి వంపుకుని, అట్టు పెనం వేడి చేసుకున్నాడు. ఆయన ఒక్క తిట్టు తిట్టి ఉంటే మైనాకి కాస్త హాయిగా ఉండేది.

పెళ్ళిళ్ళకీ, తద్దినాలకీ, ఆఫీసు మీటింగులకీ పెట్టెల్లో భోజనం సర్ది ఇళ్ళకి పంపే కొట్టు అది. జపాన్‌లో, ఫుకుఓకా నగరంలో ఓహషి స్టేషన్ వెనక సందులో ఉంది. తెల్లారి ఆరింటికి మొదలుపెడితే పదకొండింటికల్లా చివరి పెట్టె వ్యాను ఎక్కాలి. ఆ తర్వాత మైనా, రోజీనా ఏప్రన్లు విప్పేసి, ఒంటిగంటా పావుకి జపనీస్ నేర్పే స్కూల్లో కూర్చోవాలి. ఇద్దరూ నేపాల్ వాళ్ళే. మైనా పున్‌ది బాగ్లుంగ్ పైన కొండ ఊరు, ఇరవై నాలుగేళ్ళు. రోజీనా లింబూది ధరాన్ బజారు, ఇరవై నిండాయి. ఉండేది ఒకే గది, ఒకే కుక్కరు.

"రోజీనా-చాన్, ఇవాళ్టి నుంచి ఫోను మోగితే నువ్వు తియ్యమ్మా," అంది తొకునాగ-సాన్. సాన్ అంటే గారు. కొట్టుకి యజమానురాలు ఆవిడే. ఆవిడ మొగుడు ముసలాయన వంట చేస్తాడు, వ్యాను నడుపుతాడు, అంతే. "మూడోసారి మోగేలోపల తియ్యాలి సుమా."

"అలాగేనండీ!" అంది రోజీనా, గెంతినంత పని చేసి.

మైనాకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? ఈ కొట్లో పద్నాలుగు నెలలుగా చేస్తున్నది తను. ఆర్నెల్ల కిందట ఈ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బుద్ధిమంతురాలండీ అని పూచీ పడ్డది తను. తామర దుంప ఎంత మందాన కొయ్యాలో, రొయ్య తోక ఎటు తిప్పి పెట్టాలో నేర్పింది తను. చీటీల మీద కాంజీ అనే గజిబిజి అక్షరాలు కనిపిస్తే ఆ పిల్ల తెల్లమొహం వేసుకుని వచ్చేది ఇప్పటికీ తన దగ్గరికే. ఫోను మాత్రం ఆ పిల్లకి.

ఉత్త ఫోనే అయితే పోనీలే అనుకునేది. ఊళ్ళో వంట కాలేజీ ఒకటి ఏటా తెలిసిన కొట్లకి తలా ఒక సిఫార్సు కాగితం పంపుతుంది. అందులో పేరు రాసి ముద్ర వేస్తే చాలు, ఆ మనిషికి పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, సీటు ఖాయం. ఈ ఏడాది కాగితం కిందటి వారమే వచ్చి తొకునాగ-సాన్ సొరుగులో కూర్చుంది. మార్చితో స్కూలు అయిపోతుంది ఇద్దరికీ. ఆలోపల ఎక్కడా సీటు రాకపోతే వీసా అయిపోయి ఇంటికి పోవడమే. ఇంటర్వ్యూ అంటే ముగ్గురు వరసగా కూర్చుని ప్రశ్నలేస్తారు. రాయమంటే ఎన్ని అక్షరాలైనా రాస్తుంది గానీ, అలాంటి చోట మైనాకి నోరు పెగలదు. ఏ మాటైనా లోపల రెండుసార్లు కూర్చుకుంటే గాని పైకి అనలేదు, ఆ కూర్చుకునేలోపు ఎదుటివాళ్ళు ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోతారు. ఆ కాగితం ఒక్కటే ఆమెకి దారి. ఫోను ఎవరికి ఇచ్చారో కాగితం కూడా వాళ్ళకే ఇస్తారని చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

మధ్యాహ్నం స్కూల్లోనూ అదే తంతు. కాంజీ పరీక్ష కాగితాలు పంచారు. మైనాకి తొంభై ఎనిమిది, రోజీనాకి నలభై ఒకటి. టీచరు మియహర సెన్సే మైనా కాగితం బల్ల మీద పెట్టి, బాగుంది అని తలాడించి ముందుకెళ్ళిపోయింది. తర్వాత మాట్లాడే పాఠం వచ్చింది. రోజీనా లేచి, ఫోనులో ఆర్డర్ తీసుకునే ముక్కంతా చెవి దగ్గర పెన్సిల్ డబ్బా పెట్టుకుని, కనపడని మనిషికి వంగి దణ్ణాలు పెడుతూ అభినయించింది. క్లాసంతా పగలబడి నవ్వింది. వియత్నాం కుర్రాళ్ళు బల్లలు చరిచారు. సెన్సే కళ్ళు తుడుచుకుంటూ, "ఫోను దగ్గర వంగడం కూడా వచ్చేసిందా నీకు!" అంది.

"నలభై ఒకటి వచ్చినవాళ్ళకి అంత సంబరమేమిటో," అంది మైనా నేపాలీలో, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"తొంభై ఎనిమిది వచ్చినవాళ్ళకి అంత ఏడుపేమిటో దిదీ," అంది రోజీనా నవ్వుతూనే, కూర్చుంటూ. సరదాకే అంది. మైనా ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేసింది.

*

ఒకే గదిలో ఉండి మాట్లాడకపోవడం అంత తేలికేమీ కాదు. పప్పులో ఉప్పు వేశావా అని అడగాలన్నా మాట కావాలి. రెండు రోజులు ఉప్పు లేని పప్పు తిన్నారు. రోజీనా మొదట్లో ఆటలు పట్టించింది, తర్వాత బతిమాలింది, తర్వాత ఆ పిల్లా చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకుంది.

శనివారం పొద్దున మైనా మర్నాటి చీటీలు చూసి కాగితాలు లెక్కపెట్టి తీస్తోంది. ప్రతి పెట్టె మీదా ఒక కాగితం చుడతారు. శుభకార్యానికైతే ఎరుపూ తెలుపూ తాడు ముడి అచ్చు వేసిన తెల్లకాగితం. తద్దినానికైతే బూడిద రంగు తామరపువ్వు మీద నలుపూ తెలుపూ తాడు. వెనక మడిచేటప్పుడు కూడా తేడా ఉంది: శుభానికి కుడి అంచు పైకి రావాలి, తద్దినానికి ఎడమది. పెట్టెలోపల సంగతి సరే, తద్దినం భోజనంలో రొయ్య ఉండదు, ఎర్ర అన్నం ఉండదు, రెండూ శుభకార్యాలవే. కిందటేడు అక్టోబరులో ఒక తద్దినం పెట్టెకి మైనాయే మడత తిరగేసి చుడితే, తొకునాగ-సాన్ ఇరవై పెట్టెలూ విప్పించి మళ్ళీ చుట్టించింది. ఆ పాఠం ఆమె చచ్చినా మరిచిపోదు.

మూడో చీటీ రోజీనా రాసింది. కురోగి వారిల్లు, ఆదివారం పదకొండింటికి, పదిహేను పెట్టెలు. ఏ సందర్భమో రాసే చోట రోజీనా కాంజీ రాయలేక వచ్చీరాని అక్షరాల్లో "తండ్రిగారి యాభయ్యో తద్దినం" అని రాసింది. కింద శుభం, అశుభం అని రెండు మాటలు అచ్చేసి ఉంటాయి, ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. రోజీనా శుభం చుట్టూ చుట్టింది. అదీ ఎర్ర పెన్నుతో, ఇంత లావు.

తద్దినానికి శుభం! పక్కనే అరలో ఎర్ర తాడు కాగితాలు పదిహేను అప్పుడే లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి పెట్టి ఉన్నాయి. అవీ రోజీనా పెట్టినవే. ముసలాయన చీటీలో అంకె చూస్తాడు, సున్నా ఎక్కడ చుట్టారో చూస్తాడు, అంతకుమించి చదవడు. అంటే రేపు రొయ్యా పెడతాడు, ఎర్ర అన్నమూ వండుతాడు. చనిపోయినాయన పటం ముందు చుట్టాలందరూ నల్లబట్టల్లో కూర్చుని ఉంటే, ఎర్ర తాళ్ళ పెట్టెలు దిగుతాయి.

చెప్పాలి. చెప్పడం ఎంతసేపు? "ఒసేయ్, తద్దినానికి ఎర్రది పెట్టావే" అంటే అయిపోయె. రోజీనా నాలిక్కరుచుకుని, పరుగెత్తి, బూడిదరంగువి తెచ్చుకునేది. మైనా ఆ చీటీని దొంతరలో యథాప్రకారం మూడో చోటే పెట్టింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది ఆమెకి. చాలా రోజుల తర్వాత చల్లగా అనిపించింది.

ఆ సాయంత్రం రోజీనా అన్నం కలుపుకుంటూ, "దిదీ, రేపు కురోగి వాళ్ళ ఆర్డర్ ఉంది కదా, దాని గురించి నీకో సంగతి..." అని మొదలుపెట్టింది.

మైనా లేచి వెళ్ళి పంపు తిప్పింది. కంచం కడుగుతూ నీళ్ళ చప్పుడు తగ్గనివ్వలేదు. ఆ పిల్లకి అనుమానం వచ్చి తనని అడగబోతోంది, అడిగితే చెప్పక తప్పదు, అందుకని. తిరిగొచ్చేసరికి రోజీనా చెవుల్లో పాటలు పెట్టేసుకుంది.

*

ఆదివారం పొద్దున అనుకున్నట్టే రొయ్యలు వచ్చాయి. ముసలాయన తోకలు సాగదీసి, పుల్ల గుచ్చి ఉడకబెట్టాడు. ఎర్ర అన్నం ఆవిరి కొట్టంతా పట్టింది. తొకునాగ-సాన్ మోకాలికి పట్టీ వేసుకుని ముందుగదిలో బిల్లులు చూసుకుంటోంది. మైనా తొమ్మిది గళ్ళ పెట్టెల్లో ఒక్కో గడీ నింపుకుంటూ పోయింది: అట్టు చుట్ట, తామర దుంప, నానబెట్టిన టోఫు, గుమ్మడి. పదిహేను రొయ్యలూ తన చేత్తోనే పెట్టింది. తోక పైకి, తల ఎడమకి.

పక్క బల్ల దగ్గర రోజీనా కాగితాలు చుడుతోంది. మొదటిది చుట్టి, తిరగేసి, సందేహంగా చూసుకుని, వారం రోజుల అలకా పక్కన పెట్టి పెట్టెని మైనా ముందుకి తెచ్చింది.

"దిదీ, మాట్లాడకపోతే మాట్లాడకపోయావు గానీ, ఒక్కసారి చూసిపెట్టు. సరిగ్గానే చుట్టానా?"

కుడి అంచు పైకి ఉంది. మడత వెంట్రుకవాసి తేడా లేదు. ఎర్ర తాడు ముడి సరిగ్గా మధ్యలో ఉంది.

"బాగానే ఉంది," అంది మైనా.

వారం తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే. రోజీనా మొహం చింకి చాటంత అయింది. "అబ్బ, నోరు పడిపోలేదన్నమాట!" అని మిగతా పద్నాలుగూ కూనిరాగం తీస్తూ చుట్టేసింది. మైనా ఊదారంగు గుడ్డలో అయిదేసి పెట్టెలు కట్టి ముడేసింది. ఇప్పటికైనా చెప్పొచ్చు, ఇంకా నలభై నిమిషాలుంది, ఇద్దరూ కలిసి విప్పి చుడితే పావుగంట పని. రొయ్యలో? రొయ్యలు తీసి గుమ్మడి ముక్క పెట్టొచ్చు. అన్నం మాటో? ఇలా లోపల లెక్కలు వేసుకుంటూనే మూడు మూటలూ వ్యానులోకి చేర్చేసింది.

మోసుకెళ్ళడానికి రోజూ ముసలాయనతో వెళ్ళేది మైనాయే. దారిలో ఆయన రేడియో పెట్టాడు. ఆయన మీద జాలేసింది మైనాకి. తిట్లు తినేది ముందు ఆయనే, వంగి వంగి క్షమాపణలు చెప్పుకునేదీ ఆయనే. రోజీనా వంతు తర్వాత వస్తుంది. అసలు దెబ్బ ఆ పిల్లకి తగలాలంటే ఈయన మీదుగానే తగలాలని ఆమెకి ఇప్పుడే తట్టింది.

కురోగి వారి గుమ్మంలో నల్ల వస్త్రాల సన్యాసి చెప్పులు వేసుకుంటున్నాడు. పూజ అయిపోయినట్టుంది. లోపల్నుంచి ఎనభై దాటిన ముసలావిడ ఒకావిడ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"వచ్చేశారా, పెట్టండి పెట్టండి. ఏదీ, ముందు నన్ను చూడనివ్వండి."

ముసలాయన మూట ముడి విప్పాడు. మైనా తల వంచుకుని నేలకేసి చూస్తూ నిలబడింది.

"ఎర్రదే పెట్టారు!" అంది కురోగి ముసలావిడ. "ఒరేయ్, ఇటు రండ్రా, ఎర్రదే పెట్టారు, చూడండి ఎంత బాగుందో!"

మైనా తలెత్తింది. లోపల్నుంచి కొడుకులూ మనవరాళ్ళూ వచ్చి చుట్టూ మూగారు. ఒక్కరి ఒంటి మీదా నల్లబట్టల్లేవు. ఎవరో రొయ్యని చూసి చప్పట్లు కొట్టారు.

"ఆయన పోయినప్పుడు నాకు ముప్ఫై రెండు," అంది ముసలావిడ, అడగకపోయినా మైనాకేసి తిరిగి. "ఏటేటా బూడిదరంగు కాగితమే. యాభై నిండితే ఇంక తద్దినాలు ఉండవమ్మా. ఇవాళ్టితో ఆయన పెద్దల్లో కలిసిపోయాడు, దేవుడితో సమానం. శుభమే కదా! ఇంక నా కల్లోకి వచ్చి నా మేజోళ్ళేవీ అని అడగడు." చుట్టూ అందరూ నవ్వారు. "ఈ కాలపు కొట్లవాళ్ళకి ఇది తెలీదు, బూడిదరంగే పంపుతారేమోనని బెంగపడ్డాను. ఫోనులో ఆ పిల్ల ఎంత ఓపిగ్గా అడిగిందనీ. ఏ రంగు పెట్టమంటారు, ఎందుకు ఎరుపు, అన్నీ కనుక్కుంది. నువ్వేనా తల్లీ?"

"ఈ పిల్ల కాదు," అన్నాడు తొకునాగ ముసలాయన. "ఇంకో అమ్మాయి."

"ఆ అమ్మాయికి చెప్పండి, ముసలిది చాలా సంతోషించిందని."

మైనా వంగి దణ్ణం పెట్టింది. ఖాళీ గుడ్డలు మడత పెట్టింది. ఆ పిల్లకి తెలుసు. అడిగి తెలుసుకుంది. తనకి తెలిసింది సగమే, ఆ సగంతోనే ఇంత సంబరపడింది.

*

కొట్టుకి తిరిగొచ్చేసరికి తొకునాగ-సాన్ ముందుగదిలో టీ పోసి ఇద్దర్నీ పిలిచింది. బల్ల మీద సిఫార్సు కాగితం ఉంది. పక్కన పెన్నూ, ముద్ర పెట్టే ఎర్ర సిరా డబ్బా ఉన్నాయి.

"కూర్చోండి. నేను ఎటూ తేల్చుకోలేక సొరుగులో పెట్టుకున్నాను దీన్ని," అంది ఆవిడ. "ఇవాళ తేల్చుకున్నాను. మైనా-చాన్, నీ పేరే రాస్తున్నాను."

మైనాకి అర్థం కాలేదు. వినపడింది గానీ అర్థం కాలేదు.

"కురోగి-సాన్‌తో మాట్లాడిన రోజే రోజీనా-చాన్ పరుగెత్తుకొచ్చి నాతో చెప్పింది, యాభయ్యోది శుభమట, ఎర్ర సున్నా చుట్టమంటారా అని. చుట్టమన్నాను. ఇవాళ పొద్దున అడిగాను, మైనాకి చెప్పావా అని. చెప్పబోతే వినలేదంది. నాకు భయమేసింది. మైనా చూస్తే తద్దినానికి ఎర్రదేమిటని పదిహేనూ మార్చి కూర్చుంటుందేమో, కిందటేడు నా చేత తిట్లు తిన్నది కదా అని. సరే చూద్దాం అని ఊరుకున్నాను." ఆవిడ టీ ఒక గుక్క తాగింది. "చీటీ చదివావు. రొయ్యలు నీ చేత్తో పెట్టావు. ఒక్క మాట అడగలేదు, ఒక్కటీ మార్చలేదు. అంటే నీకు ముందే తెలుసు. మా వాళ్ళలోనే సగం మందికి తెలీని సంగతి. ఫోనుదేముంది, నోరున్నవాళ్ళెవరైనా తీస్తారు. చూసి తెలుసుకుని నోరు మెదపకుండా చేసుకుపోయే మనిషి వంటింటికి కావాలి."

"నేను చెప్పలా?" అని రోజీనా చప్పట్లు కొట్టింది. "మా దిదీకి తెలీనిది ఉండదని ఎన్నిసార్లు చెప్పానండీ మీకు!" మొహంలో కొంచెం వెలుగు తగ్గింది, ఆ సీటు తనకీ కావాలి కదా. అయినా చప్పట్లు మాత్రం గట్టిగానే కొట్టింది.

తొకునాగ-సాన్ పెన్ను తీసింది. "పున్ అంటే ఎలా రాస్తారమ్మా, పూన్ అని పొడుగా, పున్ అని పొట్టా?"

"పొట్టే అండీ," అంది రోజీనా, కాగితం మీదకి వంగి, తన వేలితో గడి చూపిస్తూ. "ఇక్కడ మొదలుపెట్టండి, లేకపోతే చోటు చాలదు."

"రాయకండి," అంది మైనా.

ఇద్దరూ తలెత్తి చూశారు.

"నాకు తెలీదు. యాభయ్యోది శుభమని నాకు తెలీదు." ఎప్పుడూ కూర్చుకుని మాట్లాడే మైనాకి ఆ మాటలు కూర్చుకునే వ్యవధి లేకుండా వచ్చేస్తున్నాయి. "ఈమె తప్పు చేసిందనుకున్నాను. తిట్లు తింటుందని, ఫోను తీసేసుకుంటారని, నోరు మూసుకున్నాను. సరిగ్గా చుట్టానా అని అడిగితే బాగుందని చెప్పాను. కావాలనే."

వంటింట్లో ముసలాయన పెనం తోముతున్నవాడు ఆపేశాడు. తొకునాగ-సాన్ మైనాని తిట్టలేదు. నిజం చెప్పావు పోనీలే అని కూడా అనలేదు. పెన్ను బల్ల మీద పెట్టింది.

"కురోగి-సాన్ వాళ్ళది నిజంగా మామూలు తద్దినమే అయ్యుంటే?" అంది.



ఆవిడ కాగితం తన వైపు లాక్కుంది. "లింబూ ఎలా రాస్తారమ్మా?" అని అడిగింది రోజీనాని. రోజీనా ఒక్కో అక్షరం చెప్పింది. ఆవిడ రాసి, ముద్ర సిరాలో అద్ది, గట్టిగా నొక్కి, ఆరేదాకా ఊదింది.

"మైనా-చాన్, రేపు ఆరింటికి రా. గుడ్లు నలభై చాలు," అని లేచి మోకాలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఓహషి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఎప్పటిలాగే రెండో డబ్బా ఆగే చోట నిలబడ్డారు. రోజీనా కాగితం ఉన్న కవరు సంచిలో పెట్టుకోలేదు, చేత్తోనే పట్టుకుంది. కవరు అంచు నలుగుతోంది.

"ఎందుకు చెప్పావు?" అంది హఠాత్తుగా. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ అది ఏడుపు కాదు. "నోర్మూసుకుని తీసుకోవచ్చుగా! నేను చప్పట్లు కొడుతుంటే, నీ పేరెలా రాయాలో చెబుతుంటే... ఇప్పుడు ఇది నాకు ముష్టి వేసినట్టుంది, తెలుసా? రేపు మా అమ్మతో ఏమని చెప్పుకోను, నా సొంతంగా వచ్చిందనా?"

"నీ సొంతమే. అడిగి తెలుసుకున్నది నువ్వు."

"నువ్వు మాట్లాడకు! శనివారం చెబుదామని వస్తే పంపు తిప్పుకుని కూర్చున్నావు. పెట్టె పట్టుకుని అడిగాను నిన్ను. నా మొహం చూసి బాగుందన్నావు. నేనేం చేశానే నీకు?"

ఆ పిల్ల ఆమెతో దిదీ అనకుండా, ఏమే అన్నట్టు మాట్లాడటం అదే మొదటిసారి. చుట్టుపక్కల జనం ఫోన్లలోంచి తలలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. రోజీనాకి అదేమీ పట్టలేదు. రెండు రోజుల ఉప్పులేని పప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా, ఎక్కడా తడుముకోకుండా తిట్టింది. రైలొచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, రోజీనా ఎక్కి అవతలి తలుపు దాకా వెళ్ళి అటు తిరిగి నిలబడింది.

మైనా ఇవతలి తలుపు దగ్గరే కమ్మీ పట్టుకుంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. అవతల ఆ పిల్ల భుజాలు కోపంతో ఎగిసిపడుతుంటే చూస్తూ నిలబడింది. ఎన్ని నెలల నుంచో తన కడుపులో మండుతున్నదానికి ఒక్కనాడూ ఇలా గొంతెత్తి అడిగే మొహం లేకపోయింది తనకి. అన్యాయం జరిగింది ఆ పిల్లకి. ఫోను, సీటు అయ్యాక, కోప్పడే హక్కు కూడా ఆ పిల్లకే దక్కింది. అప్పుడు కూడా, ఆ రైల్లో, మైనాకి ఆమెని చూస్తే కుళ్ళుగానే ఉంది.